జాబితాలో లేని వాగు

బర్మా యుద్ధంలో మా అన్న ఎక్కడ పోయాడో చెప్పమని నాలుగేళ్లు ఉత్తరాలు రాస్తే, చివరికి ఒక కాగితం వచ్చింది. అన్న రెజిమెంటుకు గౌరవం తెచ్చిన యుద్ధాల జాబితా అది. అన్న పోయిన ఏడాదికి అందులో ఒక్క పేరూ లేదు.

చోడవరం బస్టాండులో వడ్డాది బస్సు కోసం కూర్చుని, విసుగ్గా మళ్లీ దాన్నే చూస్తున్నాను. పక్కనున్న పెద్దాయన పైనున్న ముద్ర గుర్తుపట్టాడు. తనదీ ఆ రెజిమెంటేనట. అన్న సంగతి చెబితే, పేర్లన్నీ నాచేత చదివించుకున్నాడు.

"మీ అన్న ఏ ఏడు పోయేడు?"

"నలభై రెండు."

"అయితే ఇందుల దొరకడు బాబూ. గెలిసిన సోట్లే రాస్తారు. ఆ ఏడు మేం ఎనక్కి వచ్చేసేం. వాగు కాడ కొందర్ని కాపలా ఉంచి మిగతావోళ్లం దాటేసేం. ఆళ్లు నిలబడబట్టే బతికేను."

"ఏ వాగు?"

"పేరు అడగడానికి అక్కడ ఊరేటి, మనుషులేటి?"

నాలుగేళ్లూ పనికిరాని కాగితం వెంట తిరిగానని ఒళ్లు మండింది. ఇంకేదో అడిగేలోగా ఆయన రావికమతం బస్సెక్కేశాడు.

ఇంటికెళ్లగానే అమ్మ నా చేతిలో కాగితం చూసి, "ఏటి రాసేరు?" అంది. అమ్మకు చదువు రాదు.

"అన్న వాగు దగ్గర నిలబడి చాలామందిని దాటించాడని రాశారు," అన్నాను.