స్టార్టరప్ప నొక్కిన పచ్చ బటన్

ఇప్పుడైతే భయపడడానికి నాకు సవాలక్ష కారణాలున్నాయి. ఆ రోజుల్లో మాత్రం ఒక్కటే ఉండేది: మా మామ. మదనపల్లె టమోటా యార్డుకు ఎదురుగా ఆయన లారీ ఆఫీసు. అందులో ఒక మూల కొత్త కంప్యూటరు, దాని ముందు అప్పుడే చదువు ముగించుకుని వచ్చిన నేను. ఇంటర్నెట్ ఫోను తీగలో కీచుమంటూ పాకే కాలం అది. పుంగనూరు, కుప్పం ఏజెంట్లు లారీ కోసం ఎస్టీడీ బూత్‌లో గొంతు చించుకునే బాధ తప్పుతుందని నేనొక వెబ్ పేజీ తయారు చేశాను. అందులో ఉండేది ఒకే బటన్, ‘లారీ పంపండి’. వాళ్ళు తమ ఊరి ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని అది నొక్కితే ఇక్కడ మా ప్రింటరు ఒక చీటీ కక్కుతుంది. మామ ఆ చీటీని ఒక డ్రైవరు చేతిలో పెడతాడు, లారీ కదులుతుంది. (బటన్ నీలంగా ఉండాలా, పచ్చగా ఉండాలా అని మాత్రం చాలా మథనపడ్డాను. చివరికి పచ్చ వేశాను. ఆ రంగే నా కొంప ముంచుతుందని అప్పుడు తెలియదు.)

అదే ఆఫీసులో టైపు పని చూసే మా అక్క ఆ బటన్ నొక్కి, కాసేపు తెర వంక చూసి మొహం చిట్లించింది. “ఏమిరా, ఏమీ కాలే? పోయిందా, లేదా?”

“పోతాండాదక్కా. లైను నిదానం.”

“అది నీకు తెలుసు. నొక్కినోళ్ళకు ఎట్ల తెలస్తాది? నొక్కినాక ఏమన్నా కనపడాల గదరా. ఒక చక్రం తిరగడమో, ఒక మాటో.”

“అయ్యన్నీ సోకులక్కా” అన్నాను, కాలు మీద కాలేసుకుని. ఆ కాలు ఇప్పుడు గుర్తొచ్చినా సిగ్గేస్తుంది.

కుప్పంలో మా ఏజెంటును అందరూ స్టార్టరప్ప అనేవాళ్ళు. రామకుప్పం దగ్గర ఆయనకు బోరు పొలం ఉండేది. ఆ కాలంలో మా మెట్ట పల్లెల్లో కరెంటు వచ్చినా వోల్టేజీ ఉండేది కాదు. మోటరు స్టార్టరులోని పచ్చ బటన్ ఒకసారి నొక్కితే ఊరికే ‘టక్’ అనేది. మోటరు గుయ్‌మని అందుకునేదాకా, విసుగు లేకుండా, బొటనవేలు కందిపోయేలా నొక్కుతూనే ఉండాలి. ఆ ఓపికలో స్టార్టరప్పను మించినవాడు లేడు. పక్క పొలాలవాళ్ళు కూడా వాళ్ళ మోటర్లు వేయించడానికి ఆయన్నే పిలుచుకుపోయేవాళ్ళు. అలాంటి మనిషి ముందు నేను ఒక పచ్చ బటన్ పెట్టాను.

ఎండాకాలం పొద్దున. ప్రింటరు ఒక చీటీ కక్కింది. వెంటనే ఇంకొకటి. ఆ వెనకే మరొకటి. మామ మొహం వెలిగిపోయింది. “సూడ్రా, కుప్పంలో ఇంకోటి అడగతాండారు!” అని చీటీ చించడం, డ్రైవరును తరమడం. చీటీలు ఆగకపోయేసరికి ఆయనకు కారణం కూడా తోచింది. “ఏనుగులు దిగుంటాయిరా. తొక్కేస్తాయని అందరూ ఒకేసారి కోసేసినట్టుండారు. పాపం, పంపించు, పంపించు!” (కుప్పం అడవి పక్కన ఏనుగులు నిజంగానే దిగేవి. అందుకే ఆ మాట నాకూ సబబుగానే తోచింది. పైగా నా పేజీ ఇంత బాగా పనిచేస్తున్నందుకు లోలోపల పొంగిపోయాను.) చూస్తుండగానే ఆఫీసు ముందున్న లారీలన్నీ కుప్పం దోవ పట్టాయి.

కాసేపటికి యార్డు నుంచి రైతులు వచ్చి నిలబడ్డారు. పెట్టెలు కట్టి ఎండలో పెట్టారు, సాయంత్రం లోపల మద్రాసు దోవ పట్టకపోతే కింది వరుస పళ్ళు పగిలి నీళ్ళయిపోతాయి. “లారీలు యాడప్పా?” అన్నారు. మామ నోరు తెరిచేలోపలే ఫోను మోగింది. స్టార్టరప్ప గొంతు గది అంతా వినిపించేది. “సామీ, పొద్దున ఒక్క లారీ అడిగితిని. వస్తాండాదా, లేదా?”

“ఒక్కటా?” అన్నాడు మామ. ఆ తర్వాత నా వైపు తిరిగాడు.

డ్రైవర్లు పుంగనూరులో టిఫినుకు ఆగుతారని మామకు తెలుసు. స్కూటరు తీసి, “ఎక్కు” అన్నాడు. ఆయన వీపు వెనక కూర్చుని, టమోటాలు పగులుతున్న చప్పుడు నా చెవుల్లో వింటూ, లారీలు దాటిపోయి ఉంటే ఇంక ఆ ఆఫీసు ఉండదు, నేనూ ఆ ఊళ్ళో ఉండలేను అనుకున్నాను. పుంగనూరు బస్టాండు దాటగానే మా లారీలు వరసగా కనిపించాయి. నాకు ఏడుపొచ్చింది. “కుప్పానికి పొమ్మంటిరి, ఇప్పుడు తిరుక్కోమంటారు. మేమేమన్నా బొంగరాలమా?” అని ఇడ్లీ చేత్తోనే ఒక డ్రైవరు నా మీదికొచ్చాడు. ఒక్క లారీని కుప్పం పంపి, మిగతావి తిప్పించాం. పొద్దు వాలేలోగా పెట్టెలన్నీ ఎక్కాయి. కింద కారిన ఎర్రటి రసం చూసి ఒక ముసలి రైతు, “నీ మిషనుకు ఆకలెక్కువ నాయనా” అని మాత్రం అన్నాడు.

“తప్పెవురిది?” అన్నాడు మామ ఆఫీసులో.

“కుప్పమాయనకు నొక్కడం రాదు మామా” అన్నాను. అక్క నా వైపు చూసింది. మామ ఫోను తీశాడు. “యాలప్పా అన్నిసార్లు నొక్కితివి?”

“పచ్చ బటన్ సామీ! ఎంత నొక్కినా మోటరు అందుకోలే. గుయ్యనేదాకా నొక్కాల గదా?”

మామ ఫోను పెట్టేశాడు. నాకు నా మాటే చేదుగా తగిలింది. “ఆయనకు నొక్కడం వచ్చు మామా. నేనే తప్పు చేసినాను. అక్క ముందే చెప్పింది” అన్నాను.

ఆ భయంలోనే బటన్ మీద ఒక చక్రం పెట్టాను. నొక్కగానే బటన్ మసకబారుతుంది, రెండోసారి నొక్కడానికి కుదరదు, చక్రం తిరుగుతుంది. అది ఎప్పుడు ఆగాలో చెప్పడం మాత్రం మరిచాను. మరుసటి పొద్దున లైను మధ్యలోనే తెగిపోయింది. మాకు చీటీ రాలేదు, అక్కడ చక్రం ఆగలేదు. మధ్యాహ్నం ఫోను. “సామీ, చక్రం బలే తిరగతాండాది. పొద్దుట్నుంచీ దాన్నే సూస్తాండా. లారీ యాడుండాది?” మామ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. నేను ప్రింటరు వెనక్కి పోయి నిలబడ్డాను. చివరికి అక్కే కూర్చుని మాటలు రాసిచ్చింది. పోతుంటే, “పోతాండాది, వేలు తియ్యప్పా.” చేరితే, “చేరింది.” లైను తెగితే, “పోలేదు, మళ్ళా నొక్కు.” ఆ తర్వాత ప్రింటరు అనవసరంగా నోరు తెరవలేదు.

మొన్న ఎండాకాలం పుంగనూరు దగ్గర అక్క వాళ్ళ పొలానికి వెళ్ళాను. ఇప్పుడు మోటరుకు స్టార్టరు దాకా నడిచే పని లేదు, ఫోనులోనే బటన్. గట్టు మీద నిలబడి నొక్కాను. ఏమీ కనపడలేదు. మళ్ళీ నొక్కాను. గట్టిగా నొక్కాను. ఇంకా నొక్కుతూనే ఉన్నాను. మడి దగ్గర నుంచి అక్క కేక వేసింది. “యాలరా దాంతో ఆటలు? నీళ్ళు వస్తాండాయి, నిలిచిపోతాండాయి!”

“నొక్కితే ఏమీ కనపడలేదక్కా!”

అక్క నడుము మీద చెయ్యి పెట్టుకుని, తెల్లబడిన నా తల వంక కాసేపు చూసింది. “అయ్యన్నీ సోకులు గదరా” అంది.

నేను వేలు తీశాను. దూరంగా, బోరు దగ్గర, మోటరు గుయ్‌మని అందుకుంది.