మా బండి చేసిన సమ్మె

కారు నడపడం నేను సరదాకు నేర్చుకోలేదు. మా ఆయన మస్కట్‌లో పనిచేసేవాడు. ఒకసారి సెలవుకు వచ్చి పాత కారొకటి కొని, నాకు నేర్పించి, తాళంచెవి నా చేతిలో పెట్టి విమానమెక్కాడు. అదే ఏడు అమ్మకు రెండు కిడ్నీలూ పనిచేయడం మానేశాయి. వారానికి రెండుసార్లు కోరుట్ల నుంచి కరీంనగర్ పోయి డయాలసిస్ చేయించాలి. ఒక్కసారి తప్పితే అమ్మ కాళ్లు పొంగేవి, పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చునేది. రెండుసార్లు తప్పితే ఏమవుతుందో డాక్టరు చెప్పబోతే నేనే వద్దన్నాను.

సకల జనుల సమ్మెలో బస్సులు బంద్ అయ్యాయి. నేను పాఠాలు చెప్పే బడికీ తాళం పడింది. సమ్మె మీద నాకు కోపం లేదు, ర్యాలీల్లో నడిచి గొంతు పోగొట్టుకున్నదాన్నే. నా కోపమంతా కారు మీద. ఇక అదొక్కటే దిక్కు అనుకున్న రోజుల్లోనే అది మొరాయించడం మొదలుపెట్టింది.

మొరాయించడం అంటే చప్పుడు లేకుండా పడుకోవడం కాదు. తాళంచెవి తిప్పితే ఇంజను గిరగిరా తిరిగేది, కానీ అందుకునేది కాదు. నాలుగుసార్లు అట్లా చేసి అయిదోసారి ఏమీ ఎరగనట్టు స్టార్టయ్యేది. ఒక్కోరోజు మొదటిసారికే అందుకునేది, ఒక్కోరోజు అరగంట ఏడిపించేది. పూర్తిగా చెడిపోయినదాన్ని బాగుచేయించుకోవచ్చు. అప్పుడప్పుడు చెడిపోయేదానితో వేగడమే కష్టం. మా మేనత్తతో వేగిన అనుభవంతో చెబుతున్నాను.

కోరుట్లలో మెకానిక్ దగ్గరికి తీసుకుపోయాను. అమ్మ పక్కసీట్లోనే ఉంది. అతను చేతులు తుడుచుకుంటూ రాగానే అమ్మ నా చేతిలోంచి తాళంచెవి లాక్కుని, దానికి నల్లదారంతో కట్టి ఉన్న రాగి తాయత్తును విప్పి, కొంగున ముడేసుకుంది.

"పదిమంది చేతులల్ల పడితె మహిమ పోతది" అంది.

ఆ తాయత్తును సిరిసిల్ల నుంచి మా పెద్దమ్మ పంపింది. అక్కడి దర్గా దగ్గర కట్టించిందట. రోడ్ల మీద రోజుకో బంద్ నడుస్తోంది కదా, బండికి కట్టుకొమ్మని చెప్పిందని అమ్మ నాతో అంది. చిటికెనవేలంత రాగి గొట్టం అది. నేను సరేనన్నాను. అమ్మ మనసుకు నిమ్మళంగా ఉంటే చాలు.

మెకానిక్ ఉత్త తాళంచెవి తీసుకుని తిప్పాడు. ఇంజను ఒక్క పెట్టున అందుకుంది. ఆపి మళ్లీ తిప్పాడు, మళ్లీ అందుకుంది.

"బండి మంచిగనే ఉన్నది మేడం. మీకే నడుపుడు సరిగ అస్తలేదేమో" అన్నాడు.

పక్కన చాయ్ తాగుతున్న ఇద్దరు నవ్వారు. నాకు ఒళ్లంతా కారం రాసినట్టయింది. వారం తిరగకముందే మళ్లీ పోయాను. ప్లగ్గులు మార్చాడు, పెట్రోలు ఫిల్టరు మార్చాడు. అప్పుడూ అమ్మ తాయత్తు విప్పాకే తాళంచెవి ఇచ్చింది, అప్పుడూ బండి బుద్ధిగా స్టార్టయింది. ఇంటికి రాగానే అమ్మ తాయత్తును మళ్లీ కట్టేసింది. తెల్లారి కరీంనగర్ పోదామని తాళంచెవి తిప్పితే మళ్లీ అదే తిరుగుడు. ఆ రోజు పొద్దెక్కేదాకా తిప్పీ తిప్పీ ఓడిపోయాను. డయాలసిస్ తప్పింది.

"దిష్టి గట్టిగ తాకింది బిడ్డా" అని అమ్మ తాయత్తు దారాన్ని ఇంకో రెండు చుట్లు చుట్టి, గొట్టాన్ని తాళంచెవి మెడకు ఆనించి బిగించింది. నేను చూస్తూ ఊరుకున్నాను. బడిలో నేను చెప్పేది సైన్సు. ఈ మాట నా దగ్గర చదివిన పిల్లలకు తెలియకపోతే మంచిది.

తర్వాతి వాయిదా నాటికి అమ్మ పాదాలు చెప్పుల్లో పట్టలేదు. మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటోంది. ఆ పొద్దున కారు పదిసార్లకు గానీ అందుకోలేదు. దారిలో ఎక్కడా ఆపాల్సి రాకూడదని మొక్కుకుంటూ మేడిపల్లి దాటాను. జగిత్యాల ఇంకా రాకముందే లారీలు వరసగా ఆగి ఉన్నాయి. ముందు వంటా వార్పు నడుస్తోంది. రోడ్డుకు అడ్డంగా రాళ్లపొయ్యిలు పెట్టి అన్నం, సాంబారు వండుతున్నారు, కొందరు బంతికి కూర్చుని తింటున్నారు. పెట్రోలు దొరకని రోజులు. ఎంతసేపు ఆగాలో తెలియక ఇంజను ఆపేశాను. ఆపాక గానీ ఏం చేశానో తెలిసి రాలేదు.

గులాబీ కండువా వేసుకున్న ఒకాయన వచ్చి కారులోకి తొంగి చూశాడు. అమ్మ మొహం చూడగానే వెనక్కి తిరిగి, "పేషెంట్ ఉన్నది, జరుగుండ్రి" అన్నాడు. అంతే. బంతిలో ఉన్నవాళ్లు విస్తళ్లు పట్టుకుని లేచారు. ఉడుకుతున్న అన్నం గుండిగను ఇద్దరు కర్రకు తగిలించి పక్కకు దించారు. నిమిషంలో దారి అయింది.

నేను తాళంచెవి తిప్పాను. ఇంజను తిరిగింది, తిరిగింది, అందుకోలేదు.

"మేం ఇడిసిపెట్టినం గని, నీ బండి సమ్మె ఇడుస్తలేదు గదమ్మా" అన్నాడు సాంబారు గరిటె పట్టుకున్నాయన. అందరూ నవ్వారు. ఇంకో రోజైతే నేనూ నవ్వేదాన్ని. అప్పుడు మాత్రం స్టీరింగు మీద తల పెట్టి ఏడ్చాను.

పక్కకు జరిగినవాళ్లలోంచి తెల్లగడ్డం పెద్దాయన ఒకరు చెయ్యి కడుక్కుని వచ్చాడు. "నేను బండ్ల మిస్త్రీని. గీడ్నే నా షెడ్డు. జర తిప్పు బిడ్డా" అన్నాడు.

తిప్పాను. ఆయన బానెట్టు తెరవలేదు. కిటికీలోంచి స్టీరింగు వెనక వెలిగే బుడ్డీల వైపే చూశాడు.

"సెల్ఫ్ మంచిగ తిరుగుతున్నది. గా ఎర్రబుడ్డి సూడు, చాబీ బొమ్మ ఉన్నది. మిణుకుమిణుకుమంటున్నది. గట్ల మిణికితె బండి నిన్ను దొంగ అనుకుంటున్నట్టు."

"నేను దొంగనా?"

"చాబీ లోపట చిన్న చిప్పు ఉంటది. బండి దాన్ని సదివి గుర్తువడుతది. గుర్తువట్టకపోతె ఇంజన్ తిరుగుతది గని పెట్రోలు ఇయ్యది." అంటూ ఆయన చూపు కిందికి దిగి తాళంచెవికున్న తాయత్తు మీద ఆగింది. "నడుమ గీ రాగి అడ్డమున్నది. అది పక్కకు జరిగినప్పుడు స్టార్టయితది, ఆనుకున్నప్పుడు కాదు."

ఒక్కసారిగా నాకు కోరుట్ల మెకానిక్ చేతిలోని ఉత్త తాళంచెవి గుర్తొచ్చింది. నాకు నడపడం రాకపోవడం కాదన్నమాట. ఆ కంగారులో కూడా అది తలుచుకుని నాకు హాయిగా అనిపించింది.

విప్పబోతే అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "వద్దు బిడ్డా, ఇప్పితె కీడు."

మిస్త్రీ తాయత్తును ముట్టకుండానే వంగి చూశాడు. "చెల్లే, బండ్లకైతె దర్గాలల్ల అద్దానికి అతికిచ్చే కాయిదం ఇస్తరు. గిది బీమారున్న మనిషి దండచేతికి కట్టేది. ఎవలికోసం ఇచ్చిన్రు?"

అమ్మ తల దించుకుంది. "నాకే."

"మరి పెద్దమ్మ బండికి కట్టుమన్నదంటివి?" అన్నాను.

అమ్మ మూడుసార్లు ఊపిరి తీసుకుని చెప్పింది. "నాకు మిషన్ ఉన్నది, డాక్టర్ ఉన్నడు. నీకెవలున్నరే? వారానికి రెండుసార్లు గీ లొల్లిల పోతున్నవు, అస్తున్నవు. ఎవలన్న రాయి ఏస్తె?"

అమ్మ మీద నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు, అంత ప్రేమా రాలేదు. ముక్కు చీదుకున్నాను.

మిస్త్రీ ముడి విప్పి, తాయత్తును కళ్లకద్దుకుని, డయాలసిస్ సూదులు గుచ్చేది ఎడమచేతికని నేను చెప్పగానే కుడి దండకు కట్టాడు. తాళంచెవి తిప్పాను. ఎర్రబుడ్డి ఆరిపోయింది, ఇంజను ఒక్క ఊపున అందుకుంది. ఎవరో జై తెలంగాణ అన్నారు, బంతి మొత్తం అందుకుంది. సాంబారాయన కిటికీలోంచి అన్నం పొట్లం నా ఒడిలో పెట్టాడు.

కరీంనగర్‌లో సమయానికే మిషన్ దొరికింది. ఆ నాలుగు గంటలూ నేను బయట బెంచీ మీద పొట్లం విప్పి మెతుకు మిగల్చకుండా తిని, గోడకు ఆనుకుని నిద్రపోయాను. ఎన్నో వారాల తర్వాత అంత నిద్ర పట్టింది.

సాయంత్రం అమ్మ తన కాళ్ల మీద నడిచి వచ్చి కారెక్కింది. నేను తాళంచెవి తిప్పబోతుంటే ముందుకు వంగి ఎర్రబుడ్డినే చూసింది. తిప్పగానే అది ఒకసారి వెలిగి ఆరిపోయింది, ఇంజను అందుకుంది. సీటుకు ఆనుకుని, కుడి దండ మీద తాయత్తును తడుముకుంటూ అంది.

"గుర్తువట్టిందే. నా బిడ్డవేనని."