తడవని చొక్కా

మా నాన్నకు వానల మీదా గాలుల మీదా ఒక రకమైన పొగరు ఉండేది. కృష్ణా డెల్టాలో, సముద్రానికి దగ్గరి ఊళ్ళో పుట్టిన మనిషి. గాలివానలూ వరదలూ చూసి వచ్చినవాళ్ళం, మనల్ని ఇంకేం భయపెడుతుంది అనేవారు. రెండు రాష్ట్రాలూ కలిసిన మరుసటేడు మమ్మల్ని బోధన్ దగ్గరి క్యాంపుకు తీసుకొచ్చారు. చెరుకు వేద్దామని కోస్తా నుంచి వచ్చినవాళ్ళు కట్టుకున్న కొత్త ఊళ్ళను అక్కడ క్యాంపులనేవారు.

అమ్మ ఒప్పుకున్నది చెరుకు కోసం కాదు. అంతకుముందు ఒక కార్తీకంలో గాలివానకు ఇంటిగోడ కూలి మా అక్క పోయింది. ఆ తర్వాత మబ్బు పడితే చాలు, అమ్మ అన్నం ముట్టేది కాదు. సముద్రం లేని చోటికి తీసుకెళ్తాను, అక్కడి ఆకాశం మనుషుల్ని చంపదు అని నాన్న ఆమెకు మాటిచ్చారు. ఆమెకు మిగిలింది అన్నయ్య, నేను. ఇద్దరినీ చెరో చేత్తో పట్టుకుని రైలెక్కింది.

మొదటి ఏడాది ఆమెకు అన్నీ వింతలే. దసరా నాటికి వానలు వెనక్కి తగ్గాయి. కార్తీకమంతా ఆకాశం శుభ్రంగా ఉంది, గాలివాన జాడే లేదు. పుష్యమాసంలో కొబ్బరినూనె సీసాలో గడ్డకడితే అందరికీ చూపించి నవ్వింది. అక్క పోయాక ఆమె నవ్వడం నేను చూసింది అప్పుడే. ఎండలు ముదిరాక వింతలు ఇంకా పెరిగాయి. మా ఊళ్ళో మూడు రోజులు పట్టే అప్పడాలు ఇక్కడ పూటలో పెళపెళలాడేవి. జాడీలో ఉప్పు చెమ్మగిల్లేది కాదు. ఉతికిన చీర ఒక కొస తీగ మీద వేసి రెండో కొస లాగేలోపు ఆరిపోయేది. ఇక్కడి గాలికి ఎంత దాహమో అనేది అమ్మ. ముచ్చటగానే అనేది.

అక్కడివాళ్ళు ఎండాకాలంలో చీకటితో పొలానికి పోయి, పొద్దెక్కగానే ఇంటికొచ్చి పడుకునేవారు. మళ్ళీ పొద్దు వాలాకే పని. నాన్న వాళ్ళను పనిదొంగలనేవారు. ఆయనకు తాతయ్య నుంచి వచ్చిన పద్ధతి ఒకటుంది. డెల్టాలో కాసేపు వంగి పనిచేస్తే చొక్కా ఒంటికి అతుక్కుపోతుంది. అలా పూర్తిగా తడిసినవాడు చొక్కా విప్పి, పిండి, గట్టు మీద ఆరేసుకుని నీడన కూర్చోవచ్చు. అది ఆరేదాకా వాణ్ని లేపే హక్కు ఎవరికీ లేదు, ఆసామికైనా సరే. అక్కడి తేమకు చొక్కా ఎంతకీ ఆరదు గనక కూలివాడికి కంటినిండా కునుకు దక్కేది. మంచి పద్ధతే. ఆ మాట నేను కాదనను. కానీ మా నాన్న దాన్ని పెట్టెలో బట్టలతో పాటు సర్దుకుని బోధన్‌కు తెచ్చారు.

ఇక్కడ చొక్కా తడవదు. చెమట పుట్టీ పుట్టకముందే గాలి తాగేస్తుంది. సాయంత్రం అన్నయ్య చొక్కా మీద తెల్లటి ఉప్పు చారలు కనిపిస్తే అమ్మ వాటిని గోటితో గీకి చూసి, ఇదేంటండీ అని అడిగింది. చెమట పట్టని ఎండ కూడా ఒక ఎండేనా అని నాన్న కొట్టిపారేశారు.

కొన్నేళ్ళు అలాగే గడిచిపోయాయి. అన్నయ్యకు మీసాలు వచ్చాయి, నాన్నతో సమానంగా కత్తి పట్టడం వచ్చింది. ఆ ఏడాది చివరి చెరుకు ఇంకా నిలబడి ఉండగానే వడగాలులు మొదలయ్యాయి. పొద్దెక్కగానే కూలివాళ్ళు వెళ్ళిపోయారు. నాన్న, అన్నయ్య నరుకుతూనే ఉన్నారు. నేను అన్నం తీసుకుని వెళ్ళేసరికి అన్నయ్య ముఖం ఎర్రగా కందిపోయి ఉంది. తల తిరుగుతోంది నాన్నా, కాసేపు కూర్చుంటాను అన్నాడు. నాన్న వాడి వీపు మీద చెయ్యి వేసి చూశారు.

“పొడిగానే ఉందిగా. తడవనీ, అప్పుడు కూర్చుందువు.”

పక్క పొలం రైతు అప్పుడే గట్టు మీదుగా ఇంటికి పోతున్నాడు. తలకు రుమాలు, రుమాలు మడతలో ఉల్లిగడ్డ. అన్నయ్యను చూసి ఆగాడు.

“అన్నా, పిలగానికి చెమట వడ్తలేదు. గది మంచిది గాదు. ఇంటికి దోల్కపో.”

చెమట పట్టలేదంటే ఇంకా పని చెయ్యలేదనే అర్థం అన్నారు నాన్న. ఆ రైతు తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయాడు. అన్నయ్య మళ్ళీ కత్తి తీసుకున్నాడు. తండ్రి మాటకు ఎదురు చెప్పడం మా ఇంట్లో లేదు. కాసేపటికి నా వైపు తిరిగి, “అక్కా, మంచినీళ్ళు” అన్నాడు. నేను వాడికంటే ఆరేళ్ళు చిన్నదాన్ని. వేళాకోళం చాలు, పని చూడు అని నాన్న కసిరారు. వాడు చెరుకు ఆకుల మీద బోర్లా పడ్డాడు.

నా అరుపు విని ఆ రైతే వెనక్కి పరిగెత్తుకొచ్చాడు. అన్నయ్య చొక్కా విప్పి నా చేతిలో పెట్టి, కాలవ నీళ్ళు కుండలతో తెచ్చి పోశాడు. తడి గోనె కప్పి బండిలో వేసుకుని బోధన్ వైపు తోలాడు. అన్నయ్య ఒళ్ళు పెనంలా కాలుతోంది. దారిలోనే పోయాడు. నా ఒళ్ళో ఉన్న చొక్కా మాత్రం పొడిగానే ఉంది.

పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్ళకూ నాన్న ఒకటే చెప్పారు: వాడు చిన్నప్పటి నుంచీ బలహీనుడు. నా చెవులతో విన్నాను. ఆ మాటను ఇప్పటికీ క్షమించలేదు, క్షమించాలని కూడా లేదు. అమ్మ అన్నయ్య చొక్కాను మడిచి దాచుకుంది.

కర్మలు ముగిశాయి. మిగిలిన చెరుకు ఎండిపోతోందని నాన్న ఒక మిట్టమధ్యాహ్నం కత్తి తీసుకుని బయల్దేరారు. వాకిట్లో అమ్మ అడ్డంగా నిలబడింది. గాబులో అన్నయ్య చొక్కా ముంచి తీసి, నీళ్ళు కారుతుండగానే ఆయన చేతిలో పెట్టింది.

“తడిసిందండీ. ఇక వాణ్ని కూర్చోమనండి.”

నాన్న కత్తి కింద పెట్టారు. ఆ చొక్కాను రెండు చేతులతో పట్టుకుని ఎండలోనే నిలబడిపోయారు. వడగాలి వీస్తూనే ఉంది. మేం చూస్తుండగానే అది ఆయన చేతుల్లో ఆరిపోయింది.