తలకిందుల లండన్

చలికాలంలో ఒకరోజు భూపాలపల్లి వెళ్తుంటే జనగామ బస్టాండులో నా సంచి పట్టీ తెగింది. ఎదురుగా ఉన్న కుట్టుమిషన్ దుకాణంలో సలీమా అనే ఆవిడ నన్ను కూర్చోమని, గట్టి దారం తేవడానికి వెళ్లారు.

అప్పుడు మధ్యాహ్నం ఒంటిగంట. గోడ మీద అంకెలు లేని గడియారం మాత్రం ఏడున్నర చూపిస్తోంది. పరీక్షగా చూస్తే, పన్నెండు దగ్గర ఉండాల్సిన ఎర్రచుక్క అడుగున ఉంది. తలకిందులుగా తగిలించారన్నమాట. కాకినాడవాణ్ని, ఊరుకోలేను. స్టూలెక్కి తిప్పి పెట్టాను.

తిరిగొచ్చిన సలీమా గడియారం చూసి దారపుండ వదిలేశారు.

“ఒంటిగంటైందా? మా చెల్లె డ్యూటీకి పోయుంటది. ఇగ జాకెట్ల కొలతలు ఎవలు చెప్తరు?”

చెల్లెలు లండన్‌లో నర్సట. అక్కడి ఆడవాళ్ల కొలతలు వాళ్ల టైములో పొద్దున ఏడున్నరకు, డ్యూటీకి వెళ్లేముందు ఫోన్లో చెబుతుందట.

“ఒంటిగంట ఇక్కడండీ. గడియారం నేనే సరిచేశాను.”

“లండన్‌ను ఖరాబ్ చేసినవ్ గదన్నా. మన గడియారం తలకిందులు పెడితె లండన్ టైమే. జర మల్ల తిప్పు.”

“మరి మన టైము?”

“దానికి అజాన్ ఉన్నది గద.”

తిప్పాను. ఫోన్ కలిసింది. కొలతలన్నీ వచ్చాయి.

అయినా నా పంతం పోలేదు. “ఎండాకాలంలో వాళ్లు గడియారాన్ని గంట ముందుకు జరుపుతారు. అప్పుడు మీ లెక్క తప్పుతుంది కదండీ?”

సలీమా పట్టీ కుడుతూ తల కూడా ఎత్తలేదు.

“నా లెక్క ఎందుకు తప్పుతది? ఎండాకాలం మా చెల్లెనే డ్యూటీ గంట లేటు పెట్టిచ్చుకుంటది.”