తుమ్మికూర పప్పులో బల్లి

ఏడో తరగతిలో నేను బడిని వదిలేశానా, బడే నన్ను వదిలించుకుందా అన్నది మా ఊళ్లో ఇంకా తేలలేదు. ఒకటి మాత్రం నిజం: సైన్సు సారు మొక్కల ఉపయోగాలు చెప్పిన రోజు నేను గోడ దూకాను. ఆ ఒక్క పాఠం విని ఉంటే, పోయిన వినాయక చవితి నాడు వాడకట్టంతా చీపుర్లు పట్టుకొని నా మీదికి వచ్చేది కాదు.

మాది వీపనగండ్ల దగ్గరి పల్లె. మా ఇంటి వెనక దొడ్డిలో నేను నాటినవేవీ బతకవు. నాటనివన్నీ ఏపుగా పెరుగుతాయి. తుమ్మి, గలిజేరు, ఉత్తరేణి, నేల ఉసిరి, గంగవాయిలి... నీళ్లు పోసేవాడు లేడు, పలకరించేవాడు లేడు, అయినా మోకాలెత్తు. నేను ముద్దుగా పెట్టిన వంకాయ నారు మాత్రం అత్తింట్లో అలిగిన అల్లుడిలా తల వాల్చేస్తుంది.

పెరటి చెట్టు మందుకు రాదంటారు. మా పెరటి చెట్టు ఊరందరి మందుకూ వచ్చి చివరికి నా ప్రాణం మీదికి వచ్చింది. పంటినొప్పి వస్తే ఉత్తరేణి కోసం, కాళ్లు వాస్తే గలిజేరు కోసం, నోరు చప్పబడితే గంగవాయిలి కోసం అందరూ మా దొడ్డికే. అడిగేది లేదు, తలుపు తట్టేది లేదు. నేను పళ్లు తోముకుంటుంటే "జర పక్కకు జరుగు నాయనా" అని నా కాళ్ల సందులోంచి ఆకు తెంపుకుపోతారు. మీకైతే కోపం రాదా? అందరికీ కోపం ముక్కు మీద ఉంటే, నాకు ముక్కు కంటే ముందు నడుస్తుంది.

చవితి ముందురోజు పక్కింటి ముసలమ్మ బిచ్చమ్మవ్వ వచ్చి, బతికున్న ఒకే ఒక్క వంకాయ మొక్కను తొక్కేసింది.

"అవ్వా, గది వంకాయ చెట్టు!"

"గిదా? గడ్డి అనుకున్న బిడ్డా. రేపు చవితి గదా, తుమ్మికూర ఏడేడ ఉన్నదో చూస్కుంటున్న."

"నా దొడ్డేమన్న సర్కారు దవాఖాననా?"

"దవాఖానల గింత మంచిగ ఏడ దొరుకుతది?" అని విరిగిన మొక్కను నా చేతిలో పెట్టి పోయింది.

చవితినాడు ఒక్క ముద్దయినా తుమ్మికూర పప్పు తినాలని మా దిక్కు పట్టింపు. అంటే తెల్లారితే వాడకట్టంతా నా దొడ్డిలోనే. నా ఒళ్లు మండిపోయింది. నా భార్య సుజాత పత్తిచేనులో కలుపు తీసి ఇంటికి రాకముందే, అటక మీది తెల్ల డబ్బా దించాను. గడ్డిమందు! పంపులో పోసి, వీపుకు తగిలించుకొని, దొడ్డంతా చెడామడా కొట్టేశాను. పడిశంతో ముక్కు దిబ్బడేసి ఉంది గానీ, ఆవేశానికి ముక్కుతో పనేముంది?

తెల్లారి చూస్తే తుమ్మి తెల్లటి పూలతో పళ్లికిలిస్తోంది. ఒక్క ఆకు వాడలేదు. కల్తీ మందు! చాయ్ కూడా తాగకుండా బండెక్కి, మందుల దుకాణం మీదికి యుద్ధానికి పోయాను.

"ఏం మందిచ్చినవయ్యా? గడ్డి పెండ్లిపిల్ల లెక్క మెరుస్తున్నది!"

దుకాణదారు సగం దించిన షట్టరు కిందనుంచి తల బయటపెట్టాడు. "ఎప్పుడు కొట్టినవన్నా?"

"నిన్న పొద్దుమూకంగ."

"జర ఆగాలె గదనే! కొన్ని దినాలు పైకి పచ్చగనే కనవడ్తది. లోపల విషం. బర్రెను గూడ మెయ్యనియ్యకు... ఏమైందన్నా, మొగం గట్ల పెట్టినవ్?"

నా కళ్ల ముందు కనిపించింది బర్రె కాదు, బిచ్చమ్మవ్వ. ఆమె వెనక వాడకట్టు. వాళ్లందరి వెనక పోలీసు జీపు.

నేను ఇల్లు చేరేసరికి సగం తుమ్మి ఖాళీ. మా పొయ్యి ఇంకా వెలగలేదు. సుజాత వాకిట్లో పత్రి సర్దుతోంది. నిజం చెబితే జైలు దాకా పోనక్కర్లేదు, ఆమె చేతిలోనే చస్తాను. నోరు మూసుకొని బిచ్చమ్మవ్వ ఇంటికి పరుగెత్తాను.

ఆమె అప్పుడే ఒక ముద్ద మింగి మూతి వంకర పెట్టింది. "ఈసారి కూర గింత చేదున్నదేందిరా?"

చేదంటే మందే! రెండో ముద్ద చేతిలోంచి లాక్కొని, పప్పు గిన్నె మోరీ కాలువలో బోర్లించాను.

"నీ చేతులిరగ! ఏం పుట్టిందిరా నీకు?"

"బల్లి... బల్లి పడ్డదవ్వా! ఉమ్మెయ్యి!"

"తింటున్న నాకు కనవడలే, ఉరికొచ్చిన నీకు కనవడ్డదా?"

ఎదురింటి మేరమ్మ వదినె దగ్గరికి దూకాను. వాళ్లు చర్చికి పోయేవాళ్లు, చవితి లేదు. కానీ తుమ్మికూరకు ఆ తేడా తెలియదు కదా.

"వదినా, ఆగు! పప్పుల బల్లి పడ్డది!"

"ఇంకా మూతనే తియ్యలే గదయ్యా."

"మూత కిందనే ఉన్నది!" అని అదీ బోర్లించాను.

"ఊర్ల బల్లులన్నిటిని నువ్వే కాస్తున్నవా?" అంటూ ఆమె గరిటెతో వెంటపడింది.

మూడో ఇంటికి నా కంటే ముందు నా ఖ్యాతి చేరింది. "బల్లాయన వస్తున్నడు, గిన్నెలు దాసుర్రి!" అని కేక. టపటపా తలుపులు పడ్డాయి. లోపల కంచాల చప్పుడు. ఇక దారి లేక నడివీధిలో నిలబడి గొంతు చించుకున్నాను.

"తినకుర్రి! దొడ్డికి గడ్డిమందు కొట్టిన! నేనే కొట్టిన! తింటే సస్తరు!"

తలుపులు తెరుచుకున్నాయి. ఒక్కో తలుపులోంచి ఒక్కో చీపురు.

"నేను ముద్ద మింగిన గదరా దొంగనాయాలా!" అని బిచ్చమ్మవ్వ అరుగు మీద కూలబడింది. "దవాఖానకు ఆటో పిలువుర్రి!" అని మేరమ్మ వదినె అరిచింది. గొడవకు సుజాత పరుగెత్తుకొచ్చింది.

"ఏ డబ్బా కొట్టినవ్?"

"అటక మీది తెల్లది."

ఆమె నన్ను పుచ్చు వంకాయను చూసినట్టు చూసింది. "నీ కోపం తెల్సే గడ్డిమందు డబ్బాను ఎండకాలమే మా తమ్మునికిచ్చి పంపిన. గది మిరపనారుకని గసొంటి డబ్బాలనే నేను కాసిపెట్టుకున్న వేపాకు కషాయం! వాసన గూడ తెల్వలేదా?"

"పడిశం..." అన్నాను.

"గందుకేనా చేదు!" అని బిచ్చమ్మవ్వ చటుక్కున లేచింది. చావు తప్పిన సంతోషం ఆమె ముఖంలో రెప్పపాటు ఉంది. ఆ తర్వాత మోరీలో కలిసిన పప్పు గుర్తొచ్చింది. నా మీద పడ్డ తిట్లు ఇక్కడ రాస్తే ఈ కాగితం కాలిపోతుంది.

తీర్పు అక్కడికక్కడే అయింది. మిగిలిన తుమ్మి నేనే తెంపాను, చేదు పోయేదాకా నేనే కడిగాను, పెద్ద డేగిసాలో పప్పు నేనే కలియబెట్టాను. వాడకట్టంతా మా వాకిట్లో కూర్చొని తింటుంటే, గణపతి ముందు గుంజీలు తీస్తూ ప్రమాణం చేశాను: "స్వామీ, ఇకమీదట ఆకు మీద అలగను. పంపు భుజానికెత్తను. దొడ్డికి గొళ్లెం పెట్టను. పడిశం ఉన్నప్పుడు కోపం తెచ్చుకోను."

మేరమ్మ వదినెకు మాత్రం ఒక అనుమానం మిగిలిపోయింది. "అవ్వా, ఇంతకు పప్పుల బల్లి పడ్డట్టా, పడనట్టా?"

బిచ్చమ్మవ్వ వేళ్లు నాకుతూ నా వైపు చూసింది. "పిల్లగాడు అబద్ధమేం చెప్పలే బిడ్డా. పడ్డది. గా బల్లే గిప్పుడు గుంజీలు తీస్తున్నది."