అత్తమ్మ కొత్తిమీర మడి

పోయిన ఆదివారం పొద్దున మా అత్తమ్మ పోయింది. చాయ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, కాసేపు ఒరుగుతానని మంచం మీద వాలింది. మళ్ళీ లేవలేదు. నేను ఏడో తరగతితో బడి మానేసినదాన్ని. నలుగురిలో మాట్లాడాలంటే ఇప్పటికీ గొంతు పెగలదు. అందుకే ఆమె గురించి చెప్పాల్సింది ఇక్కడ రాస్తున్నాను.

మాది మునగాల. హైవే పక్కన దాబా హోటళ్ళ వెనక మాకు కొద్దిగా చెలక ఉంది. అత్తమ్మ అందులో పాలకూర, తోటకూర పండించేది. అన్నీ ఉడికించి తినేవే. రోడ్డు పెద్దదయ్యి దాబాలు పెరిగాక వాళ్ళు కొత్తిమీర, ముల్లంగి, క్యాబేజీ అడిగితే అవీ వేసింది. అన్నం పక్కన పచ్చి ముక్కలు పెట్టడం, కూర మీద పచ్చి కొత్తిమీర చల్లడం వాళ్ళను చూసి మేమూ నేర్చుకున్నాం. మడికి నీళ్ళు మాత్రం దాబాల వెనక మురుగు కాలువవే. ఆ నీళ్ళకు ఆకు బలంగా వస్తుందని అత్తమ్మ మురిసేది.

పెళ్ళైన రెండో ఏడు, పొయ్యి ముందు కూర్చున్నదాన్ని అలాగే పడిపోయాను. కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాయట. కోదాడ నుంచి వచ్చిన పెద్దాడబిడ్డ, మూర్ఛరోగం దాచి పెళ్ళి చేశారంది. నన్ను తల్లిగారింటికి తోలెయ్యమని తన తమ్ముడికి, అంటే మా ఆయనకు చెప్పింది. ఆయన తల వంచుకున్నారు. అత్తమ్మ మాత్రం నన్ను సూర్యాపేట దవాఖానకు తీసుకుపోయింది.

స్కానింగ్ చూసిన డాక్టరమ్మ, తలలో పురుగు తిత్తి ఉందని, మందులతో తగ్గుతుందని చెప్పింది. పంది మాంసంతో వచ్చే పురుగట. మేం అది ముట్టమని అత్తమ్మ అంది. తినని వాళ్ళకూ వస్తుందని డాక్టరమ్మ ఓపికగా వివరించింది. కడుపులో పురుగు ఉన్న మనిషి ఆరుబయట దొడ్డికి కూర్చుంటే దాని గుడ్లు నీళ్ళలో కలుస్తాయి. ఆ నీళ్ళు తగిలిన ఆకు పచ్చిగా తింటే మన లోపలికి పోయి, తలలో తిత్తి కడతాయి.

ఇంటికి రాగానే ఆడబిడ్డ అందుకుంది. "మనింట్ల పంది ఎవలు తినరు. తల్లిగారింట్ల తిని తెచ్చుకున్నది."

మావాళ్ళూ తినరని చెప్పాలని ఉన్నా నాకు నోరు రాలేదు. అత్తమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

"పిల్లనేమనకు బిడ్డా. లారీలోళ్ళు ఆ కాల్వ గట్టుకే కూసుంటరు. ఆ నీళ్ళు మడికి పెట్టింది నేను. పచ్చి ఆకు దీని కంచంల ఏసింది నేను. పంపాల్నంటే నన్ను పంపుండ్రి."



మర్నాడే అత్తమ్మ మడి మొత్తం దున్నించింది. దాబాలకు పోయి, ఆకు ఎందుకు ఇవ్వడం లేదో దాచకుండా చెప్పింది. ఒకాయన నవ్వి, ఇన్నేళ్ళు తిన్నా మాకేమీ కాలేదు కదా అన్నాడట. "అయ్యేదాంక సూస్తవా" అందట ఈమె. మా ఇంట్లో పచ్చిది తినడం మానేశాం. "మంట సూడని ఆకు మనది కాదు" అనేది. నేను మాత్ర మింగి నోరు తెరిచి చూపేదాకా ఎదురుగా నిలబడేది. "నోట్ల నాలుకున్నదో లేదో గిట్లనన్న సూస్త" అని నవ్వించేది. నాకు మళ్ళీ ఫిట్స్ రాలేదు.

మరుసటి ఏడు చెలకలో బోరు వేయించాం. మొదటిసారి నీళ్ళు వదిలిన రోజు ఆ దాబా ఆయన చూడ్డానికి వచ్చాడు. ఎప్పుడూ బయటికి రాని నన్ను చూసి, "బిడ్డనా పెద్దమ్మా?" అని అడిగాడు.

"కోడలు. గీడనే ఉంటది" అంది అత్తమ్మ.

చీర పైకి దోపుకుని, పారతో దారి తీస్తూ ఆమె ముందు నడిచింది. నేను వెనక గట్టు సరిచేస్తూ పోయాను. తేట నీళ్ళు ఆమె మడమలు తడుపుతూ, ఎండిన మట్టిని నలుపు చేస్తూ, ఒక్కో మడిలోకి మెల్లగా పారాయి.