ఐదు ఫ్రాంకుల బిళ్ళ

ఫిల్మ్ నగర్‌లోని ఒక రిహార్సల్ హాలులో పదకొండేళ్లు డాన్స్ అసిస్టెంట్‌గా చేశాను. విదేశాల్లో తీసే పాటకు మాస్టర్ స్టెప్పులు కడితే, వాటిని హీరోయిన్ ఒంటికి పట్టించడం నా పని. సిమెంటు గచ్చు మీద వారం రోజులు మోకాళ్లు అరగదీసుకునేది నేను, మంచుకొండల మీద ఆడేది ఆమె. నన్ను మాత్రం తీసుకెళ్లరు. ఒక టికెట్ మిగులుతుంది కదా.

తిరిగొచ్చాక మాస్టర్ జేబులోంచి చిల్లర తీసి నా చేతిలో పోసేవారు. "నీకోసమే తెచ్చానమ్మా" అంటే మురిసిపోయేదాన్ని. డబ్బు మార్చేవాళ్లు నోట్లే తప్ప నాణేలు తీసుకోరని, అందుకే అవి నా దాకా వచ్చేవని చాలా కాలానికి తెలిసింది.

మొదట్లో ఏ దేశానివైనా దాచాను. యూరో వచ్చాక, నా దగ్గరున్న ఆస్ట్రియా షిల్లింగులు అక్కడి అంగళ్లలో ఇక చెల్లవని మాస్టరే చెప్పారు. ఆ రోజు ఏడుపొచ్చింది. నేను దాచింది చూసుకుని మురవడానికి కాదు, ఎప్పటికైనా వెళ్లిన రోజున ఖర్చు పెట్టుకోవడానికి. అప్పటి నుంచి యూరోలో కలవని దేశాలవే ఉంచుకున్నాను. నార్వేవి, డెన్మార్క్‌వి కొన్ని నడిమధ్య చిల్లుతో ఉండేవి.

"ఏందే, గీ చిల్లుకానీలు జమ చేస్తున్నవ్? బియ్యం వస్తయా వీటికి?" అనేది బోరబండ ఇంట్లో మా అమ్మ.

స్విట్జర్లాండ్‌వి ఎక్కువ. పాట అనగానే మావాళ్లు పరిగెత్తేది అక్కడికే. అక్కడి ఫ్రాంకుకు పైసల్లాంటి, పసుపుపచ్చగా ఉండే ఐదు రాపెన్‌ల నుంచి, ఈటె పట్టుకుని నిలబడ్డ ఆడమనిషి ఉన్న రెండు ఫ్రాంకుల దాకా అన్నీ చేరాయి. ఐదు ఫ్రాంకుల బిళ్ళ మాత్రం ఎవరూ తేలేదు. దానికి అక్కడ కాఫీ వస్తుందట. కాఫీ వచ్చే డబ్బును తెచ్చి నాకెవరిస్తారు?

మా సందులో మెడలో ఐడీ కార్డులు వేసుకున్న పిల్లలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరిన ఏడాదికే జ్యూరిక్ వెళ్లొస్తుంటే కడుపు మండేది. అబద్ధం ఎందుకు చెప్పాలి?

చివరికి ఒక సినిమాకు నా పేరు లిస్టులో పడింది. కొత్త హీరోయిన్‌కు స్టెప్పు నిలవడం లేదు, నేను పక్కన లేకపోతే కుదరదని మాస్టర్ పట్టుబట్టారు. వీసా వచ్చింది. టోలిచౌకిలో ఉన్ని కోటు కొన్నాను. ఫ్రాంకులన్నీ ఏరి చిన్న పర్సులో వేసుకున్నాను.

ప్రయాణానికి రెండు రోజుల ముందు జూబ్లీ హిల్స్ ఆఫీసుకు పిలిపించారు.

"హీరోయిన్ గారి అమ్మగారు తనూ వస్తానంటున్నారు. ఈసారికి సర్దుకోమ్మా, నెక్స్ట్ షెడ్యూల్‌కు నువ్వే" అన్నాడు మేనేజర్.

మాస్టర్ ఫోన్ చూసుకుంటూ కూర్చున్నారు. నేను తలూపి లేచాను. తలుపు దాకా వెళ్లానో లేదో మేనేజర్ మళ్లీ పిలిచాడు.

"నీ దగ్గర ఆ దేశం చిల్లర ఉందటగా? అమ్మగారికివ్వు. అక్కడ బాత్రూమ్‌కు వెళ్లాలన్నా బిళ్ళలు వెయ్యాలట."

అత్త సొమ్ము అల్లుడు దానం అంటే ఇదే. కాదంటే తర్వాతి సినిమాకు పిలవరని భయపడ్డాను. పర్సుతో సహా ఇచ్చేశాను.

యూనిట్ తిరిగొచ్చాక ఆవిడ హాలుకు వచ్చి, నన్ను వెతుక్కుని మరీ పర్సు చేతిలో పెట్టింది. నా బిళ్ళలు ఎంత పనికొచ్చాయో, ఎన్ని బాత్రూములకు అక్కరకొచ్చాయో హిందీలో చెప్పింది. ఊరికే వాడుకోవడం తనకు ఇష్టం లేదట. "హిసాబ్ బరాబర్, బేటీ" అంది, లెక్క సరిపోయిందన్నట్టు.

పర్సు తెరిచాను. లోపల ఒకటే బిళ్ళ, పెద్దది, బరువుగా ఉంది. ఐదు ఫ్రాంకులు.

నా ఒళ్లు ఇప్పటికీ మండేది ఆవిడ మీద కాదు, మేనేజర్ మీదా కాదు, నా మీదే. దాన్ని చూడగానే, నా స్విట్జర్లాండ్ బిళ్ళల సెట్టు పూర్తయిందని ఒక్క క్షణం నిజంగా సంతోషపడ్డాను. మిగతావేవీ లేవన్న సంగతి ఆ తర్వాతే గుర్తొచ్చింది.